వనిత పేరు మీద పొద్దుటి డ్యూటీ

వనితకు పొద్దున పూట బుర్ర పనిచెయ్యదని అందరికంటే ముందు కనిపెట్టింది వాళ్ళ ఊరి బడిలో లెక్కల సారు. మొదటి పీరియడ్ లెక్కలు. నల్లబల్ల దగ్గరికి పిలిస్తే సుద్దముక్క పట్టుకుని నిలబడేది. ఏడో ఎక్కం కూడా నోటికి వచ్చేది కాదు. అవే లెక్కలు సాయంత్రం దీపాలు పెట్టే వేళకు వాడకట్టు పిల్లలందరికీ వరసగా చెప్పేది. ఆ రెండో సంగతి సారు చూడలేదు. ఇంట్లోవాళ్ళు చూశారు గానీ, దానికో అర్థం ఉంటుందని వాళ్ళకు తోచలేదు. నాలుగున్నరకే లేచి వాకిలి ఊడ్చే ఇంట్లో, ఏడింటిదాకా ముడుచుకుని పడుకునే పిల్లను మొద్దునిద్ర పిల్ల అన్నారు. ఆ పేరు ఆమెతోపాటే హైదరాబాదు బస్సెక్కింది.

ఇప్పుడామెకు ఇరవై నాలుగేళ్ళు. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివి, పంజాగుట్టలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రక్తం శాంపిళ్ళు తీసే పని చేస్తోంది. ఉండేది అమీర్‌పేటలో, మైత్రీవనం వెనక సందులోని లేడీస్ హాస్టల్లో. ఉద్యోగం కాంట్రాక్టు మీద, ఏడాదికోసారి రెన్యువల్. ఈసారి రెన్యువల్ ఇంకా ఐదు నెలలుందనగానే ఆమె ఫైల్లో రెండు మెమోలు చేరాయి. మూడోది వస్తే ఇక రానక్కర్లేదని రెండోదాని అడుగునే రాసి ఉంది.

రెండింటికీ కారణం ఒకటే. ఊదారంగు మూత ఉన్న ట్యూబులోకి రక్తం తీశాక దాన్ని నెమ్మదిగా ఎనిమిదిసార్లు తలకిందులు చేయాలి. లోపలున్న మందు రక్తంలో కలవాలి. కలవకపోతే రక్తం గడ్డకడుతుంది, కింద ల్యాబ్‌వాళ్ళు రిజెక్ట్ అని చెప్పేస్తారు, రోగికి మళ్ళీ సూది గుచ్చాలి. ఈ పని రానివాళ్ళెవరూ ఉండరు. వనితకూ వచ్చు. కానీ వారం విడిచి వారం పడే మార్నింగ్ డ్యూటీలో ఆరింటికి ఐదో అంతస్తులో మొదలుపెడితే, ఏ ట్యూబు తిప్పిందో ఏది తిప్పలేదో ఆమెకే తెలిసేది కాదు. చేతులు తమ పాటికి తాము కదులుతుండేవి. తల మాత్రం హాస్టల్ మంచం మీదే ఉండిపోయేది.

రెండో మెమో వచ్చిన రోజు ఆ మళ్ళీ గుచ్చడం రాజనర్సయ్య అనే పెద్దాయనకు పడింది. నరం దొరకడమే కష్టమైన చేతులు. ఆయన తిట్టలేదు. దుప్పటిలోంచి చేయి తనే బయటికి తీసి పెట్టాడు.

"నిన్న సుత రెండుసార్లు గుచ్చిన్రు బిడ్డా. ఇయ్యాల సుత గంతేనా?" అని మాత్రం అడిగాడు.

తిట్టినా బాగుండుననిపించింది వనితకు.

ల్యాబ్ ఇన్‌ఛార్జి అచ్యుతరావు చెడ్డవాడేమీ కాదు. మెమో చేతికిచ్చాక కుర్చీ చూపించి, తండ్రి చెప్పినట్టే చెప్పాడు. రాత్రుళ్ళు ఫోను దూరంగా పెట్టమన్నాడు. తొమ్మిదింటికల్లా పడుకోమన్నాడు. తన కూతురూ ఇంతేనని, ఫోను లాక్కున్నాక దారికొచ్చిందని చెప్పాడు.

వనిత అన్నీ చేసింది. ఫోను బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి పక్కమంచం అమ్మాయికి ఇచ్చింది. సాయంత్రం టీ మానేసింది. వేడిపాలు తాగింది. తొమ్మిదింటికి ముసుగుతన్ని పడుకుని, ఒంటిగంట దాటేదాకా ఫ్యాను రెక్కల చప్పుడు వింటూ ఉండేది. అప్పుడొచ్చిన నిద్రను నాలుగూ యాభైకి అలారం లాగేసేది. మెట్రో ఇంకా మొదలవని వేళ కాబట్టి పంజాగుట్ట దాకా నడిచే పోయేది. రెండు నెలలు అలా నడిచింది. రిజెక్టులు తగ్గలేదు.

సెలవురోజున పొద్దెక్కేదాకా పడుకుంటే హాస్టల్ నడిపే నాగేశ్వరి ఊరుకునేది కాదు. ఆవిడది గుడివాడ వైపు. స్టీలు గ్లాసుతో తలుపు మీద టకటకా కొట్టేది.

"ఏంటమ్మా వనితా, నీ ఇడ్లీలు గిన్నెలో కూర్చుని ముసలివైపోతున్నాయి. నువ్వు లేచేసరికి వాటికి పెన్షనివ్వాలి."

గదిలో అందరూ నవ్వేవాళ్ళు. వనితా నవ్వేది. అయితే అందరూ అనేమాట నిజమో కాదో ఒకసారి తేల్చుకోవాలని ఆ నవ్వులోనే అనుకుంది.

తేల్చుకునే దారి ఆమె పనిచేసే గదిలోనే ఉంది. ఐదో అంతస్తు కలెక్షన్ గదిలో రిజెక్ట్ రిజిస్టరు ఒకటుంటుంది. తిప్పి పంపిన ప్రతి శాంపిలూ అందులో రాస్తారు: తేదీ, గంట, తీసినవాళ్ళ పేరు. ఆడిట్‌కు వచ్చేవాళ్ళకు నెలకు ఎన్ని అనే మొత్తం చాలు. గంటల గడిని ఎవరూ చదవరు. ఈవెనింగ్ డ్యూటీ వారంలో, పని తెరిపిచ్చినప్పుడల్లా వనిత ఆ గడిని చదివింది. పది నెలలు వెనక్కి పోయింది. తన పేరు మీద పంతొమ్మిది ఉన్నాయి. పంతొమ్మిదీ పొద్దున ఆరుకూ ఎనిమిదిన్నరకూ మధ్యవే. ఈవెనింగ్ వారాల్లో ఒక్కటంటే ఒక్కటి లేదు.

అప్పుడు పక్క పేరు చూసింది. ఆ అంతస్తులో ఆమెకు ఎదురు డ్యూటీ సీతాబాయిది. ఈమె మార్నింగ్ అయిన వారం ఆమె ఈవెనింగ్, మరుసటి వారం తారుమారు. సీతాబాయికి యాభై రెండేళ్ళు. బోరబండ నుంచి వస్తుంది. ఇరవై రెండేళ్ళ సర్వీసు. ఆమె పేరు మీద పదకొండున్నాయి. పదకొండూ రాత్రి ఏడు దాటాకే.

మర్నాడు రెండింటికి డ్యూటీ మారేటప్పుడు సీతాబాయిని కూర్చోబెట్టి చూపించింది. నా పేరు నువ్వెందుకు తీసినవని సీతాబాయికి ముందు కోపమొచ్చింది. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని గంటల గడి మీద వేలు జరుపుకుంటూ పోయింది. చివరి దాకా పోయి, కళ్ళజోడు తీసి చెప్పింది.

"ఏడైతే నా కండ్లల్ల ఇసుక వోసినట్టయితది పిల్లా. పొద్దుగాల మూడున్నరకు అలారం లేకుంటనే లేస్త. లేచి ఏం జెయ్యాలె? ఇల్లంత పండుకొని ఉంటది. గిన్నెల సప్పుడు జేస్తే కోడలు అరుస్తది."

"నాకు నీ మూడున్నర అంటే నడిరాత్రి అక్కా. నీకు నా రాత్రి ఏడు అట్లనే ఉన్నట్టుంది. మనిద్దరం మార్చుకుందామా?"

ముందు అడిగే మార్చుకోవాలని వనిత పట్టుబట్టింది. ఇద్దరి తరఫునా తనే కిందికి, బేస్‌మెంట్‌లోని అచ్యుతరావు గదికి వెళ్ళింది. తనకు ఎప్పుడూ ఈవెనింగు, సీతాబాయికి ఎప్పుడూ మార్నింగు కావాలంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. మార్నింగ్ కావాలని ఏడ్చేవాళ్ళు పదహారు మంది ఉన్నారని, ఒకరికి ఎప్పటికీ ఇస్తే మిగతావాళ్ళు తన తలుపు విరగ్గొడతారని అన్నాడు. ఆ తర్వాత కళ్ళజోడు పైనుంచి చూశాడు.

"అయినా పెళ్ళి కావలసిన పిల్లవి. రోజూ రాత్రి పదింటికి రోడ్డెక్కుతానని నువ్వే అడుగుతున్నావేంటమ్మా?"

పగలంతా నీకేం పని అనే ప్రశ్న ఆ మాట వెనక ఉంది. వనిత రిజిస్టరులోంచి రాసుకొచ్చిన కాగితం బల్ల మీద పెట్టింది. ఆయన చూడలేదు. రిజిస్టరు గొడవ నీకెందుకు, ట్యూబు తిప్పు చాలు అని పంపేశాడు.

తప్పు చేసింది ఆ తర్వాతే. అడగకుండా మార్చుకున్నారు.

అదేమంత కష్టం కాలేదు. ట్యూబుకు అంటించే స్టిక్కర్ల మిషను, ఆ పూట ఎవరికి డ్యూటీ వేశారో వాళ్ళ పాస్‌వర్డుకే తెరుచుకుంటుంది. కాబట్టి పాస్‌వర్డులు చెప్పుకున్నారు. సీతాబాయిది మనవడి ముద్దుపేరు, వెనక మూడు సున్నాలు. శాంపిళ్ళు గాలి ఒత్తిడితో నడిచే గొట్టంలో పడి కింద ల్యాబ్‌కు పోతాయి, అచ్యుతరావు పైకి వచ్చేది తక్కువ. గేటు దగ్గర వేలిముద్ర ఎవరిది వాళ్ళదే, కానీ అక్కడివాళ్ళు రోజుకు ఎనిమిది గంటలయ్యాయా లేదా అన్నదే చూస్తారు. వనితకు మార్నింగ్ పడిన వారం సీతాబాయి వచ్చి వనిత పాస్‌వర్డు కొట్టేది. సీతాబాయికి ఈవెనింగ్ పడిందంటే వనిత వచ్చి మనవడి ముద్దుపేరు కొట్టేది.

అలా ఆరు వారాలు గడిచాయి. వనిత ఒంటిగంటన్నరకు పడుకుని తొమ్మిదింటికి లేచింది. లేపకుండా లేచింది. పొద్దున మొహం కడుక్కుంటుంటే నీళ్ళు చల్లగా ఉన్నాయని తెలియడం కూడా ఆమెకు కొత్తగా ఉండేది. సాయంత్రం వార్డులో ఒక్కో మంచం దగ్గర పేరడిగి, రోగి చేతి పట్టీ మీద చూసి, స్టిక్కరు మీద చూసి, ట్యూబు తిప్పుతుంటే అంకెలు వాటంతటవే లోపల వినపడేవి. సీతాబాయికి పొద్దున ఆరంటే సగం పగలు గడిచినట్టే. నర్సులు ఆవులిస్తుంటే తను జోకులు చెప్పుకుంటూ వార్డంతా చుట్టేసేది. ఒక్క ట్యూబూ వెనక్కి రాలేదు.

నెలాఖరుకు అచ్యుతరావు ఇద్దరినీ కిందికి పిలిచాడు. ఆయన మొహం వెలిగిపోతోంది. చేతిలో కాగితముంది. చదివి వినిపించాడు. వనిత, మార్నింగ్, రిజెక్టులు సున్నా. సీతాబాయి, ఈవెనింగ్, సున్నా.

"చూశావా? ఫోను పక్కన పెడితే ఏమవుతుందో? నేనారోజు గట్టిగా చెప్పాను కాబట్టే కదా," అన్నాడు.

రెన్యువల్‌కు తనే రాస్తున్నానన్నాడు. ఇంకో శుభవార్త కూడా చెప్పాడు. యాజమాన్యం కొత్త పద్ధతి పెడుతోంది. ఎవరు ఏ పూట ఎక్కువ మెరుగుపడ్డారో లెక్క తీసి, వాళ్ళకు ఆ పూటే ఖాయం చేస్తారు. ఒకటో తారీకు నుంచి వనితకు ఎప్పుడూ మార్నింగే, సీతాబాయికి ఎప్పుడూ ఈవెనింగే. స్టిక్కర్ల మిషనుకు కూడా ఇక పాస్‌వర్డు ఉండదు, వేలిముద్రే.

ఇద్దరూ తలూపి బయటికొచ్చారు. ఆసుపత్రి పక్క సందులో టీకొట్టు దాకా నడిచారు. ఫ్లైఓవరు కింద బండ్ల హారన్లు తెరిపి లేకుండా మోగుతున్నాయి. తాము అడిగిన న్యాయమే వచ్చిందని, తాము చేసిన దొంగపని వల్లే అది తలకిందులుగా వచ్చిందని వనితకు మెల్లగా తలకెక్కింది. ఆ కాగితంలో అంకెలన్నీ నిజమే. పేర్లే అబద్ధం. ఆ పేర్లు రాసింది తామే.

సీతాబాయి ముందు తేరుకుంది. ఇప్పుడేమీ అనొద్దంది. రెన్యువల్ కాగితం మీద సంతకం పడనిమ్మంది. తర్వాత ఏదో ఒకటి చూసుకోవచ్చంది.

"తర్వాత అంటే ఎన్ని రోజులక్కా? ఒకటో తారీకు పొద్దుగాల ఆరింటికి నేను సూది పట్టుకొని నిలవడాలె. ఎవరి చెయ్యి ముందట నిలవడాలె?"

"జర సోంచాయించు పిల్లా. పాస్‌వర్డ్ ముచ్చట బయటవడితే నీది పోతది, నాది సుత పోతది. రిటైరయ్యేటందుకు నాకింక ఆరేండ్లున్నది."

వనిత టీగ్లాసు బల్ల మీద పెట్టింది. నీ పేరు రాకుండా నిజం చెప్పే దారి లేదని, అందుకే నిన్ను అడుగుతున్నానని చెప్పింది.

"నువ్వు వద్దంటే చెప్ప. ఒట్టు. కానీ పొద్దుగాల మాత్రం ఇగ సూది పట్ట. కాగితం రాసిచ్చి పోత."

సీతాబాయి రోడ్డు వైపు తిరిగింది. ఆమెకు ఎవరి మీద కోపమొస్తోందో ఆమెకే తెలియనట్టుంది. చివరికి గొంతు తగ్గించి చెప్పింది.

"ట్యూబ్ తిప్పనిది గడ్డకడ్తది, కిందోళ్ళకు తెలుస్తది. ఒకరి స్టిక్కర్ ఇంకొకరికి అంటిస్తే ఎవనికి తెలుస్తది? ఏడు దాటినంక రెండుసార్లు అంటించి, సూస్కొని పీకిన నేను. సూస్కోనియి ఎన్నో." కొంగుతో మొహం తుడుచుకుంది. "పా. ఇద్దరం పోదాం."

వనిత ఒక్క అచ్యుతరావు దగ్గరికే పోలేదు. ల్యాబ్‌కు పెద్ద అయిన డాక్టర్ మంజూష కూడా ఉండాలని ముందే కబురు పెట్టింది. మర్నాడు పన్నెండున్నరకు నలుగురూ ఆ బేస్‌మెంట్ గదిలో కూర్చున్నారు. వనిత నిలబడే చెప్పింది. రిజిస్టరు చదవడం దగ్గర మొదలుపెట్టి, పాస్‌వర్డు చెప్పుకోవడం దాకా, ఏదీ తగ్గించకుండా చెప్పింది. అచ్యుతరావు మొహం మొదట ఎర్రబడింది, తర్వాత పాలిపోయింది. తన చేతులతో పై అధికారులకు పంపిన కాగితం అది. మోసం అన్నాడు. ఇంత మోసమా అన్నాడు.

"మోసమే సార్. మూడో మెమో ఇవ్వండి, తీసుకుంట. కానీ ఆ కాగితంలో పొద్దుటి సున్నా నాది కాదు, సీతక్కది. రాత్రి సున్నా నాది. అదొక్కటి దిద్దండి."

మంజూష గేటు దగ్గరి వేలిముద్రల జాబితా తెప్పించి, ఆరు వారాల రోజులూ ఒక్కొక్కటిగా పోల్చి చూసింది. తర్వాత ఎవరూ ఊహించని ప్రశ్న అడిగింది. వరుసగా సెలవులొస్తే, లేపేవాళ్ళు లేకపోతే, ఎప్పుడు పడుకుని ఎప్పుడు లేస్తారు?

వనిత రెండింటికి పడుకుని పదింటికి అంది. సీతాబాయి ఎనిమిదికి పడుకుని నాలుగింటికి లోపలే అంది.

"ఇద్దరిదీ అటూ ఇటుగా ఎనిమిది గంటలే, రావుగారూ," అంది మంజూష. "ఒకరి నిద్రకు నట్టనడుమ అర్ధరాత్రి, ఇంకొకరికి పొద్దున ఆరు. ఆ ఆరింటికే మనం ఈ అమ్మాయి చేతికి సూదిస్తున్నాం."

అలవాటు చేసుకుంటే మారదా అని అచ్యుతరావు అడిగాడు. వెటకారంగా అడగలేదు. కొంత మారుతుందని మంజూష చెప్పింది. పొద్దుటి ఎండ, రాత్రి వెలుతురు తగ్గించడం, ఇవన్నీ కలిపితే గంటో, ఇంకాస్తో జరగొచ్చు. నాలుగు గంటలు జరగడం చాలా కష్టం. పుట్టుకతో వచ్చేది కొంత, వయసుతో మారేది కొంత. ఇరవైల్లో చాలామందికి నిద్ర ఆలస్యంగా వస్తుంది, పెద్దవాళ్ళయ్యేకొద్దీ ముందుకు జరుగుతుంది. మధ్యలో ఉండేవాళ్ళే ఎక్కువ కాబట్టి, ఈ రెండు కొసల్లో ఉన్నవాళ్ళను బద్ధకస్తులనో చాదస్తులనో అనేస్తాం అంది. తనకు కూడా తొమ్మిది దాటితే గానీ సూక్ష్మదర్శిని ముందు కూర్చోవడం ఇష్టముండదని, డాక్టరు కాబట్టి ఎవరూ మెమో ఇవ్వలేదని అంది.

అచ్యుతరావు నవ్వలేదు. లేచి, పైకి ఫోను చేసి, ఆనాడు చూడనన్న రిజిస్టరు తెప్పించుకున్నాడు. గంటల గడి మీద పెన్సిలు పెట్టుకుని పది నెలలూ తనే చూశాడు. ముప్ఫై ఏళ్ళుగా రిజెక్టులు తగ్గించడమే పనిగా పెట్టుకున్న మనిషి. పేజీ తిప్పినకొద్దీ కుర్చీలో ముందుకు వంగాడు. అయిపోయాక పెన్సిలు పక్కన పెట్టాడు.

"ఇది నాకు ముందే చూపించావు కదమ్మా," అన్నాడు.

"చూపించిన సార్."

తీర్పు తేలికగా రాలేదు. పాస్‌వర్డు చెప్పుకున్నందుకు ఇద్దరికీ మెమోలు తప్పవన్నాడు. దానికి మంజూష కూడా అడ్డు చెప్పలేదు. రక్తం తీసినవాళ్ళ పేరు తప్పుంటే రేపు ఏ రోగికి ఏం జరిగినా పట్టుకోలేమని ఆమే గట్టిగా అంది. పై అధికారులకు తప్పు దిద్దిన కాగితం పంపుతానన్నాడు. ఒకటో తారీకు నుంచి సీతాబాయికి మార్నింగు, వనితకు ఈవెనింగు. మూడో మెమో అయినా వనితను తీసెయ్యనన్నాడు, అయితే ఏడాది రెన్యువల్ ఇవ్వనన్నాడు. మూడు నెలలకే రాస్తానని, ఈ మూడు నెలలూ ఆమె అంకెలు వారం వారం తనే చూస్తానని చెప్పాడు.

"చాలు సార్, మూడు నెలలు," అంది వనిత.

అక్కడే కూర్చుని మెమోలు రాశాడు. సీతాబాయి చదవకుండానే సంతకం పెట్టేసింది. వనిత తనదాన్ని నెమ్మదిగా, ప్రతి మాటా చదివింది. నియమం ఉల్లంఘించింది అని ఉంది. నిజమే. ఇన్‌ఛార్జికి చెప్పకుండా డ్యూటీ మార్చుకుంది అని ఉంది. అదీ నిజమే. మూడో వాక్యం దగ్గర ఆమె వేలు ఆగింది. పొద్దున లేవడానికి బద్ధకించి, అని మొదలైంది ఆ వాక్యం. చెయ్యి అలవాటుగా రాసేసిన మాట అయ్యుంటుంది.

కాగితాన్ని బల్ల మీద ఆయన వైపు తిప్పి పెట్టింది.

"సార్, మిగతాదంతా సరే. ఈ ఒక్క మాట తీసెయ్యండి. అప్పుడు సంతకం పెడత."

అచ్యుతరావు ఆమె వైపు చూశాడు, మంజూష వైపు చూశాడు. పెన్ను తీసి ఆ ముక్క మీద గీత కొట్టాడు. గీత పక్కన తన పొట్టి సంతకం పెట్టాడు. వనిత కింద తనది పెట్టింది.

గోడ గడియారం రెండుకు ఐదు నిమిషాలు చూపిస్తోంది. సీతాబాయి సంచి భుజానికి తగిలించుకుని, ఇంటికి పోయి అన్నం తిని జర నడుం వాలుస్తనంది. వనిత చేతులు కడుక్కుని, లిఫ్టు కోసం ఆగకుండా, ఐదో అంతస్తుకు మెట్లెక్కి వెళ్ళింది.